రెండు వేళ్ళ బిగువు

మా కారు ఆదివారం చర్చి ముందు ఎక్కడ ఆగిందో బుధవారం వచ్చి చూసినా చెప్పెయ్యొచ్చు. ఆవరణంతా మాచర్ల నాపరాళ్ళు పరిచారు. గేటు పక్కన వేపచెట్టు కింద మాత్రం ఒక రాయి నల్లగా ఉండేది. ఆ నలుపు మా ఇంజను కార్చిన నూనెది. తెల్లచీరల వాళ్ళు కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఆ రాయి తొక్కకుండా పక్కనుంచి లోపలికి వెళ్ళేవాళ్ళు. నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నాకు ఒళ్ళు మండేది అందుకే. అంటే తిరిగి అనేదాన్ని కదా!

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది నాన్న ఇచ్చిందే. నాన్న ఆయిల్ ఇంజన్ల మెకానిక్కు. పొలాల్లోకి కరెంటు మోటార్లు రాకముందు రొంపిచెర్ల నుంచి బొల్లాపల్లి దాకా బావుల దగ్గర ఉన్న ఇంజన్లన్నీ ఆయన చేతి కిందివే. నట్టు బిగించేటప్పుడు పానాకి ఒక ఇనప పైపు తొడిగి, పళ్ళు కొరుకుతూ, "ఇంకొక్క చుట్టు" అనేవాడు. ఆయన బిగించింది మళ్ళీ ఆయనే వచ్చి విప్పాలని రైతులు చెప్పుకునేవాళ్ళు. అది మెప్పో, మొరో మాకెప్పుడూ తేలలేదు. నాన్న మాత్రం మెప్పుగానే తీసుకున్నాడు.

నేను డిగ్రీలో ఉండగా ఆయన ఈ కారు కొన్నాడు. అప్పటికే ఎవరో వాడి వదిలేసిన డీజిల్ బండి. నాకు డ్రైవింగ్ నేర్పింది దాని మీదే, కుడికాలవ కట్ట మీద. పక్క సీట్లో కూర్చుని, నేను గేరు తప్పు వేసిన ప్రతిసారీ తన కడుపులో నొప్పి వచ్చినట్టు మొహం పెట్టేవాడు. ఇప్పుడు నేను నరసరావుపేటలో ఉంటూ ఆ కారులోనే బడికి వెళ్ళి పాఠాలు చెప్పి వస్తున్నాను. కింద అమ్మానాన్న, పైన నేనూ మా ఆయనా. పిల్లలు నా బండి చప్పుడు అరమైలు దూరం నుంచే విని పుస్తకాలు తీస్తారని మా హెడ్మాస్టరు గారు ఎగతాళి చేస్తారు.

రెండేళ్ళ కిందట నాన్నకి పక్షవాతం వచ్చింది. మాట నెమ్మదించింది, కాలు కాస్త ఈడుస్తాడు, అవి పర్లేదు. కుడిచేతిలో పట్టు పోయింది. అది ఆయన తట్టుకోలేకపోయాడు.

మా చర్చిలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది. అందరూ వరసగా ముందుకెళ్ళి, రొట్టెముక్క తిని, బొటనవేలంత గాజు గ్లాసులో ద్రాక్షరసం తాగి వస్తారు. గ్లాసు ఎవరిది వాళ్ళే పళ్ళెంలోంచి తీసుకోవాలి. జబ్బు తగ్గాక నాన్న మొదటిసారి వెళ్ళిన రోజున ఆ గ్లాసు ఆయన చేతిలో నిలవలేదు. బల్ల మీది తెల్లగుడ్డంతా ఎర్రగా అయింది. పాస్టరు గారు "ఫర్లేదు, ఫర్లేదు" అంటూనే ఉన్నారు. నాన్న తల ఎత్తలేదు. వరసలో వెనక ఉన్నవాళ్ళు పక్కకి జరిగి ఆయనకి దారి ఇచ్చారు. ఎప్పుడూ ఎవరూ ఆయనకి దారి ఇవ్వాల్సిన పని పడలేదు. ఆయన నడిచొస్తుంటే దారి దానంతట అదే వచ్చేది.

ఆ తర్వాతి ఆదివారం నుంచి నాన్న కారు దిగలేదు. స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని, మాతోపాటే వచ్చేవాడు. వేపచెట్టు కింద కారు ఆపగానే అద్దం దించమనేవాడు. నేనూ అమ్మా లోపలికి వెళ్ళేవాళ్ళం. మైకులో వచ్చే ప్రసంగాన్ని ఆయన కారులోనే కూర్చుని వినేవాడు. ఆయన కింద ఇంజను ఒక్కొక్క చుక్కా కార్చుకుంటూ ఉండేది.

ఆ కారడం సంగతి చెప్పాలి. ఇంజను నెత్తిన ఒక పొడుగాటి రేకు మూత ఉంటుంది. దాన్ని రాకర్ కవర్ అంటారు. మా మెకానిక్కులు ట్యాపెట్ కవర్ అంటారు. అమ్మకి అది డేగిసా మూత. మూతకీ ఇంజనుకీ మధ్య నూనె బయటికి రాకుండా కార్కు ప్యాకింగ్ ఒకటి ఉంటుంది, సీసా బిరడాలాంటి మెత్తటి సరుకు. పైన రెండు నట్లు. అంతే దాని నిర్మాణం. ఆ ప్యాకింగ్ అంచునుంచి నూనె చెమ్మగిల్లి, ఇంజను పక్కనుంచి జారి, కిందికి చుక్కలుగా దిగేది. కొంత వేడి పైపు మీద పడి కమురు వాసన వచ్చేది. సిగ్నలు దగ్గర ఆగితే పక్క ఆటోవాళ్ళు ముక్కులు మూసుకునేవాళ్ళు.

నూనె కారుతోందని తెలిసిన ప్రతి మనిషికీ మా దగ్గర ఒకటే మందు. బిగించడం. చెమ్మ కనిపించిన మొదటి రోజుల్లో నాన్నే ఒక చుట్టు బిగించాడు. ఆయన మంచాన పడ్డాక ఆ బాధ్యత చర్చి పెద్ద ఒకాయన నెత్తినేసుకున్నాడు. నాన్నకి వరసకి తమ్ముడు, నాకు బాబాయి, ట్రాక్టరు రైతు. ఆరాధన కాగానే తెల్లచొక్కా చేతులు మడిచి, "ఏందమ్మాయ్, ఇంకా కారతానే ఉందా? బానెట్టు ఎత్తు" అనేవాడు. ట్రాక్టరు పానాతో ఒక పట్టు పట్టి, "ఇంక చచ్చినా కారదు" అని చేతులు దులుపుకునేవాడు. తర్వాతి వారం ఇంకాస్త ఎక్కువ కారేది. రాయి పాడవకుండా ఆయనే ఒక డబ్బామూత తెచ్చి చుక్క పడేచోట పెట్టేవాడు. ఆ ప్రేమకి ఏమనగలం! ఆయన మంచివాడు, ఆయన చెయ్యే మంచిది కాదు.

చివరికి టౌన్లో ఒక మెకానిక్కుకి చూపించాను. అతను మూత మీద వేలు పెట్టి తడిమి, "అంచు వంగిపోయింది మేడం. ఎన్ని ప్యాకింగులు మార్చినా ఇంతే. ఈ బండికి కొత్త మూత యాడ దొరుకుద్ది? తుక్కుకిచ్చెయ్యండి" అన్నాడు. మా ఆయన ఎప్పట్నుంచో అదే మాట అంటున్నాడు. ఆ సాయంత్రం కొత్త కార్ల బొమ్మలు ఫోన్లో నాకూ అమ్మకీ చూపించాడు. నాన్న కుర్చీలో కూర్చుని గోడవైపు చూస్తున్నాడు. "అమ్మెయ్యండి. దాని పనీ అయిపోయింది" అన్నాడు. ఆ 'దాని పనీ' అన్నది నాకు రాత్రంతా చెవిలో తిరిగింది.

నా భయం నూనె గురించి కాదు. ఆ కారు ముందు సీటు పక్కన ఒక పిడి ఉంది. నాన్న ఎడంచేత్తో దాన్ని పట్టుకుని ఎవరి సాయమూ లేకుండా ఎక్కుతాడు. ఆటోలోకి ఆయన్ని ఇద్దరు ఎత్తి కూర్చోబెట్టాలి, అందుకు ఒప్పుకోడు. ఈ కారు పోతే ఆయన చర్చి గేటు దాకా కూడా రాడు, ఇంట్లోనే ఉండిపోతాడు. ఆ సంగతి నాకు తెలుసు, అమ్మకీ తెలుసు. ఇద్దరం పైకి అనుకోలేదు.

రెండో శనివారం సెలవు. పొద్దున్నే కొత్త కార్కు ప్యాకింగ్, నట్ల కింద వేసే రబ్బరు వాషర్లు కొనుక్కొచ్చి, అమ్మ మంచం కింద ఉన్న నాన్న పానాల పెట్టె బయటికి లాగాను. రెండేళ్ళుగా నాన్న దాన్ని ముట్టలేదు. నాన్న అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. పెట్టె చప్పుడుకి తల తిప్పాడు, మళ్ళీ అటు తిప్పుకున్నాడు. నేను ఏమీ అడగలేదు. అడిగితే ఏమంటాడో తెలుసు కాబట్టి. బానెట్టు ఎత్తి పని మొదలుపెట్టాను.

మొదటి నట్టే కదల్లేదు. పానా వేసి లాగుతుంటే జారుతోంది. రెండుసార్లు చెయ్యి ఇంజనుకి కొట్టుకుని వేళ్ళ కణుపులు గీరుకుపోయాయి. నోటికొచ్చిన తిట్టు ఒకటి తిట్టాను, ఆదివారం బడిలో చెప్పకూడనిది. అప్పుడు వెనకనుంచి నెమ్మదిగా వినబడింది.

"ఆ పానా కాదే. జారతంది. ఒక సైజు తక్కువది తియ్యి."

రెండేళ్ళలో ఇంజను గురించి నాన్న అన్న మొదటి మాట అది. నేను తిరిగి చూడలేదు. చూస్తే ఆపేస్తాడేమోనని భయం. చిన్న పానా తీసి వేశాను. నట్టు కదిలింది.

మూత ఊడదీసి, పాత కార్కు గీకి, డీజిల్‌తో కడిగి, తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. నట్ల కింద ఉన్న పాత వాషర్లు కూడా. వంగిన అంచు చదును చెయ్యడం నాకు రాదని అబద్ధం చెప్పాల్సిన పని లేకపోయింది, నిజంగానే రాదు.

నాన్న ఎడంచేత్తో మూత ఎత్తి, నట్లు కూర్చునేచోట రేకు లోపలికి ఎలా గుంట పడిందో చూశాడు. బొటనవేలితో తడిమాడు. బడిలో నేను పిల్లల దస్తూరీ చూసి ఎవరి కాగితమో చెప్పెయ్యగలను. ఆయన బిగింపు చూసి చెప్పెయ్యగలడని నాకు తెలియదు.

"ఈ గుంట నాది" అన్నాడు. "మొదట కారినప్పుడు బిగించా. ఆయిల్ ఇంజనుకి అది పోత ఇనుము, ఎంతైనా పట్టుద్ది. ఇది రేకు. నా బుద్ధి గడ్డి తింది." వేలు పక్కకి జరిపాడు. "ఇది మీ బాబాయిది. వాడు ఒక పక్కకి ఒరిగి లాగుతాడు, చూడు, ఈ పక్కే దిగింది." తర్వాత వాషరు తీసుకుని వెలుగుకి పెట్టి చూశాడు. రబ్బరు మధ్యకి చీలిపోయి ఉంది. "ఇది నా చెయ్యి కాదు. వాడిదీ కాదు. పైపు తొడిగి బిగించారు, కోపంలో. ఎవరిదే ఇది?"

బల్ల దగ్గర గ్లాసు పడిపోయిన నెల తర్వాత ఒకనాడు, బడికి వెళ్ళేముందు, నేనే ఆ పని చేశాను. నాన్న పైపే తొడిగి, పళ్ళు కొరుకుతూ, "ఇంకొక్క చుట్టు" అనుకుంటూ. చెమ్మ కాస్తా చుక్కలైంది ఆ రోజు నుంచే. ఎవరికీ చెప్పలేదు. టౌన్ మెకానిక్కుకి కూడా చెప్పలేదు.

"నాదే నాన్నా" అన్నాను.

తిడతాడనుకున్నాను. నవ్వాడు. జబ్బు వచ్చాక ఆయన నవ్వు ఒక పక్కకే వస్తుంది. "ఎవరి మీద కోపం?" అన్నాడు.

"నీ మీదే. కారులో కూర్చుంటున్నందుకు."

అనకూడదనుకున్న మాట అనేశాను. నాన్న మూతని ఒళ్ళో పెట్టుకుని అంచు తుడిచాడు. లోపల అమ్మ గిన్నెల చప్పుడు ఆగింది. తర్వాత, "నీ సంచీలో సుద్దముక్క ఉందా?" అని అడిగాడు.

టీచరు సంచీలో సుద్దముక్క లేకపోవడమా! అరుగు పరిచింది నాపరాయే. అంత చదునైన బల్ల ఏ షెడ్డులోనూ ఉండదని, దాని మీద సుద్ద దట్టంగా రుద్దమన్నాడు. రుద్దాను. మూత బోర్లించి మెల్లగా అటూ ఇటూ కదిలించి ఎత్తమన్నాడు. ఎత్తితే అంచు పొడుగునా ఎక్కడ ఎత్తుందో అక్కడ మాత్రం తెల్లగా అంటుకుంది. అంటని చోటంతా పల్లం. అప్పటిదాకా కంటికి ఆనని వంకరంతా అలా ఎదురుగా కనిపించేసరికి నాకు భలే ముచ్చటేసింది. ఆయన ఎడంచేత్తో చెక్కముక్క ఆనించి పట్టుకుంటే నేను చిన్న సుత్తితో తట్టాను.

"కొట్టమాక. తట్టు."

"తడుతున్నాగా."

"దాన్ని తట్టడం అనరే. పిల్లల్ని కూడా ఇట్టాగే తడతావా?"

ఎండ అరుగెక్కేదాకా అదే పని. సుద్ద రుద్దడం, బోర్లించడం, తట్టడం. చివరికి అంచంతా ఒకే తీరుగా తెల్లబడింది. జిగురు రాసి, కార్కు అతికించి, మూత మీద బరువు పెట్టమన్నాడు. అమ్మ రుబ్బురోలు పొత్రం తెచ్చి పెట్టాను. "మొన్ననే కడిగానే, ఆ కంపంతా దానికంటిస్తావా?" అని అమ్మ అరిచింది కానీ తీసెయ్యలేదు. పైగా అది జారిపోకుండా పక్కన పీట ఒకటి ఆనించి వెళ్ళింది.

మూడింటికి మూత ఇంజను మీద పెట్టాం. కొత్త వాషర్లు, రెండు నట్లు. నాన్న కారు ముందు చక్రం మీది రేకు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. నేను పానా తీసుకుని తిప్పాను. ఆనింది. ఇంకొంచెం తిప్పాను.

"ఆపు. కార్కు నలిగితే మళ్ళీ మొదటికొస్తది. ఆనిన తర్వాత ఒక్క పావు చుట్టు. పానాని రెండు వేళ్ళతో పట్టుకో, పిడికిలితో కాదు."

విప్పి మళ్ళీ తిప్పాను. రెండు వేళ్ళతోనే. అయినా ఆనిన తర్వాత చెయ్యి ఆగడం లేదు, ఎక్కడో లోపల్నుంచి 'ఇంకొక్క చుట్టు' అని తోస్తోంది. మూడోసారి కూడా నాన్న ఆపమన్నాక విసుగొచ్చి పానా రెక్క మీద పడేశాను.

"నా వల్ల కాదు. నీ చెయ్యే ఇది, ఆగదు. నువ్వే బిగించు."

"నా చేతిలో బలం యాడుందే?"

"బలం వద్దని పొద్దున్నుంచి నువ్వే కదా చెబుతున్నావు!"

గట్టిగానే అన్నాను. వీధిలో పోయేవాళ్ళు చూశారు కూడా. నాన్న నన్ను చూశాడు, పానాని చూశాడు. కుడిచెయ్యి చాచాడు. బొటనవేలూ చూపుడువేలూ మాత్రమే ఆయన మాట కొంచెం వింటాయి. వాటితో పానా పట్టుకుని, అది వణుకుతుంటే ఎడంచేత్తో మణికట్టు ఆపుకుని, తిప్పాడు. నట్టు ఆనింది. ఇంకాస్త తిప్పాడు. అక్కడ ఆయన బలం అయిపోయింది. పానా ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. "అంతేనే. ఇంక నా వల్ల కాదు" అన్నాడు.

నేను వంగి చూశాను. కార్కు నలగలేదు, మూత చుట్టూ సమానంగా, సన్నగా ఒక గీతలా కూర్చుంది.

"అంతే చాలు నాన్నా. రెండోది కూడా" అన్నాను. నాకు కళ్ళు నిండాయి. తుడుచుకుంటే నూనె చెయ్యి మొహానికంతా అయింది. నాన్న అది చూసి రెండో నట్టు బిగించాడు.

ఇంజను వేసి అరగంట వదిలి, కింద పేపరు పరిచాం. చుక్క పడలేదు. ఆ మర్నాటి నుంచి నాన్నకి అదో పని. లేవగానే కర్ర పట్టుకుని కారు దాకా నడుస్తాడు, వంగి పేపరు చూస్తాడు, అమ్మని పిలిచి చూపిస్తాడు. ఏమీ లేని పేపరు చూడటానికి రోజూ ఏముంటుందని అమ్మ సణిగేది, వెళ్ళి చూసేది. డాక్టరు నడవమని బతిమాలినా నడవని మనిషి అలా మూడు వారాలు నడిచాడు. మా ఆయన ఫోన్లో కొత్త కార్ల బొమ్మలు చూపించడం మానేశాడు.

తర్వాతి నెల మొదటి ఆదివారం వేపచెట్టు కిందే కారు ఆపాను. అద్దం దించాను. నాన్న దిగుతాడని ఆశ పడ్డాను, అబద్ధం ఎందుకు. దిగలేదు. నేనూ అమ్మా లోపలికి వెళ్ళాం. ప్రసంగం అయింది, బల్ల సిద్ధం చేశారు, వరస మొదలైంది. అప్పుడు కారు తలుపు పడిన చప్పుడు వినబడింది. ఆ తలుపు చప్పుడు వెయ్యింటిలో పోల్చగలను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నాన్న కర్ర పట్టుకుని వరస చివర నిలబడ్డాడు. ఎవరో దారి ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాడు. ఆయన వంతు వచ్చాక పాస్టరు గారు గ్లాసు తానే నోటికి అందించబోయారు. నాన్న దానికీ తల ఊపి, కర్ర బల్లకి ఆనించి, కుడిచెయ్యి చాచాడు. రెండు వేళ్ళతో గ్లాసు తీసుకున్నాడు. మణికట్టుని ఎడంచేత్తో ఆపుకున్నాడు, అచ్చం పానా పట్టుకున్నట్టే. సగం చొక్కా మీద ఒలికింది. సగం తాగాడు. ఖాళీ గ్లాసు తనే పళ్ళెంలో పెట్టాడు.

బయటికి వచ్చేసరికి, పొలం పనుల్లో పడి మూడు వారాలుగా చర్చికి రాని బాబాయి అలవాటు ప్రకారం డబ్బామూత పట్టుకుని కారు కింద వెతుకుతున్నాడు.

"ఏందమ్మాయ్, చుక్క కూడా లేదే? ఇంజన్లో నూనె ఐపోయిందా ఏంది?"

"బాగుచేశాం బాబాయ్."

"ఎందుకైనా మంచిది, బానెట్టు ఎత్తు. నేనూ ఒక చుట్టు బిగిస్తా."

చొక్కా చేతులు మడవడం కూడా అయిపోయింది. నాన్న వెనకనుంచి వచ్చాడు, ఎదమీద ద్రాక్షరసం మరకతో. కర్ర నాకిచ్చి, బానెట్టు మీద ఉన్న బాబాయి చేతిని తన కుడిచేత్తో పక్కకి నెట్టాడు. నెట్టడానికి ఆ చేతిలో ఏముందని! అయినా బాబాయి చెయ్యి తీసేశాడు.

"ముట్టుకోమాకరా" అన్నాడు నాన్న. "అది నేను బిగించింది."